మర బోటు ఇంజినుకు హెచ్చరిక అలారాలు, లైట్లు: ఒక వేట సీజను వాడిన తరువాత

మాది కాకినాడ కుంభాభిషేకం రేవు నుంచి వేటకు వెళ్లే చెక్క బోటు. అందులో ఆరు సిలిండర్ల డీజిలు ఇంజిను, 24 వోల్టుల బ్యాటరీలు, ఇంజిను లోపల తిరిగే మంచినీటిని చల్లబరచడానికి సముద్రపు నీటితో పనిచేసే హీట్ ఎక్స్ఛేంజరు ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం కాబట్టి, చెక్క పని, రంగులు, ఇంజిను విప్పదీత వంటివన్నీ ఆ రెండు నెలల్లోనే ముగించుకుంటాము. కిందటి నిషేధ కాలంలో వాటితో పాటు ఇంజినుకు హెచ్చరిక లైట్లు, అలారాలు కూడా బిగించాము. ఆ సెట్టు ఎలా ఉంది, దాన్ని అమ్మి బిగించిన దుకాణం పని ఎలా ఉంది అన్నది ఒక సీజను గడిచాక రాస్తున్నాను. మొదటి వారంలో రాసి ఉంటే ఇది వేరేగా ఉండేది. లైట్లన్నీ వెలుగుతున్నాయి, బజరు మోగుతోంది, పని బాగుంది అని రాసి ఊరుకునేవాడిని.

మాకు ఈ ఆలోచన రావడానికి కారణం అంతకు రెండేళ్ల ముందు జరిగిన నష్టం. సముద్రపు నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు (నీటిని తోసే చక్రం) రెక్కలు తెగిపోయాయి. ఇంజిను వేడెక్కుతున్న సంగతి టెంపరేచర్ మీటరు ముల్లు చూపిస్తూనే ఉంది గాని, ఆ సమయంలో వల తీస్తున్నారు. సరంగు (బోటు నడిపేవాడు) సహా అందరూ వెనుక వించి (వల లాగే యంత్రం) దగ్గర ఉన్నారు. పొగ వచ్చాక గాని ఎవరికీ తెలియలేదు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పైమూత కింద ఉండే సీలు) పోయింది, పక్క బోటు తాడు కట్టి లాక్కొచ్చింది, ఆ ట్రిప్పు మొత్తం పోయింది. మీటరు లేక కాదు, మీటరు వైపు చూసే మనిషి లేక జరిగిన నష్టం అది. వాహనంలోనైతే డ్రైవరు కళ్ల ముందే మీటరు ఉంటుంది. వేట బోటులో ఇంజిను మీద ఎక్కువ భారం పడే సమయానికి మీటరు ముందు ఎవరూ ఉండరు.

సెట్టులో వచ్చినవి ఇవి: ఆరు ఎల్ఈడీ లైట్లు, ఒక బజరు, ఒక టెస్టు బటను, ఒక మ్యూట్ బటను ఉన్న ప్యానెలు, ఆయిల్ ప్రెషర్‌కు, టెంపరేచర్‌కు ఒక్కో మీటరు, ఇంజినుకు బిగించే సెన్సార్లు (మీటర్లకు), స్విచ్చులు (లైట్లకు), బిల్జి (బోటు అడుగున చేరే) నీళ్ల మట్టానికి ఒక ఫ్లోట్ స్విచ్. సముద్రపు నీటి ప్రవాహాన్ని కనిపెట్టే ఫ్లో స్విచ్‌ను మేము అడిగి అదనంగా తెప్పించుకున్నాము. వైరు, కూలి అన్నీ కలిపి 18,400 రూపాయలైంది. ఒక హెడ్ గ్యాస్కెట్ పనికి, పోయిన ట్రిప్పు డీజిలుకు, ఐసుకు అయిన ఖర్చు ముందు ఇది పెద్ద మొత్తం కాదు. ప్యానెలు లోపలి పని శుభ్రంగా ఉంది. ఒక్కో స్విచ్ తన లైటును వెలిగిస్తూనే, డయోడు (కరెంటును ఒక వైపుకే పోనిచ్చే భాగం) గుండా అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న బజరును మోగిస్తుంది. ఆ డయోడ్లు లేకపోతే ఒక స్విచ్ కలిసినప్పుడు కరెంటు బజరు తీగ గుండా వెనక్కి పారి లైట్లన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఏది పాడైందో తెలియదు. చవకగా దొరికే కొన్ని ప్యానెళ్లలో ఈ చిన్న వస్తువునే పెట్టకుండా డబ్బు మిగుల్చుకుంటారు కాబట్టి కొనేవారు వెనుక మూత తీయించి చూడటం మంచిది.

మొదటి చిక్కు ఆయిల్ ప్రెషర్ మీటరు దగ్గర వచ్చింది. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియను, ఇంజినుకు ముందే ఉన్న సెన్సారు బాగానే ఉంది కదా అని దాన్నే ఉంచి కొత్త మీటరుకు కలిపాడు. తాళం తిప్పగానే, ఇంకా సెల్ఫు కొట్టకముందే, ముల్లు చివరి దాకా పోయి నిలబడింది. ఇంజిను స్టార్టయ్యాక కిందికి దిగింది. మీటర్లు కొన్ని ఐరోపా లెక్కలోనూ, కొన్ని అమెరికా లెక్కలోనూ వస్తాయి: మొదటి రకం సెన్సారు ఒత్తిడి లేనప్పుడు 10 ఓముల (కరెంటుకు అడ్డు ఎంతో చెప్పే కొలత) దగ్గర, పూర్తి ఒత్తిడిలో 180 ఓముల దగ్గర ఉంటుంది, రెండో రకం తలకిందులుగా ఒత్తిడి లేనప్పుడు 240 ఓములు, పూర్తి ఒత్తిడిలో 33 ఓములు చూపిస్తుంది. మా పాత సెన్సారు రెండో రకం, కొత్త మీటరు మొదటి రకం. ఇంజిను ఆగి ఉండగానే ముల్లు నిండుగా చూపించింది కనుక పసిగట్టాము. లేకపోతే ఆయిలు అయిపోతున్న కొద్దీ ఒత్తిడి పెరుగుతోందని ఆ మీటరు మాకు చెబుతూ ఉండేది. సెట్టుతో వచ్చిన సెన్సారును బిగిస్తే సరిపోయింది. ఇంత పని తెలిసిన మనిషి ఓమ్ మీటరు పెట్టి ఒక్కసారి కొలవకుండా కలపడం నాకు నచ్చలేదు.

ఆ సెన్సారు బిగించేటప్పుడే నీళ్ల పైపులకు చుట్టినట్టు దాని మరకు (తిప్పి బిగించే గాడులకు) మందంగా టెఫ్లాన్ టేపు చుట్టాడు. ఒకే తీగ ఉన్న సెన్సారుకు ఎర్తు అందేది ఆ మర ద్వారానే. టేపు మందమైతే ఎర్తు సరిగా తగలదు, మీటరు తప్పు చూపిస్తుంది, స్విచ్ అయితే అసలు పనిచేయదు. మేము చెప్పాక టేపు తీసి, మర చివరన మాత్రం కాస్త సీలెంటు రాసి బిగించాడు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. స్విచ్, సెన్సారు రెండిటినీ ఒకే ఇత్తడి టీకి (మూడు నోళ్ల పైపు ముక్కకు) తగిలించి ఇంజిను బ్లాకు మీద వేలాడదీయబోయాడు. ఆరు సిలిండర్ల ఇంజిను అదురుకు ఆ బరువు ఊగి ఊగి ఇత్తడి మెడ పగులుతుంది. అప్పుడు హెచ్చరించడానికి పెట్టిన వస్తువే ఆయిలు మొత్తం బయటికి చిమ్మిస్తుంది. బ్లాకు నుంచి ఒత్తిడికి ఆగే పొట్టి హోసు తీసి, టీని పక్క గోడకు క్లాంపుతో బిగించి, దానికి విడిగా ఎర్తు తీగ వేయమన్నాము. హోసుకు, క్లాంపుకు వేరే డబ్బు తీసుకున్నాడు, అది న్యాయమే.

టెంపరేచర్ స్విచ్ 95 డిగ్రీల దగ్గర కలిసేది ఇచ్చారు. మంచినీరు తిరిగే మా ఇంజినుకు అది తగినదే. నేరుగా సముద్రపు నీటితోనే చల్లబడే ఇంజిన్లను లోపల ఉప్పు గారకట్టకుండా ఇంకా తక్కువ వేడిలో నడుపుతారు కాబట్టి, అలాంటి బోటువారు ఇదే స్విచ్ కొంటే అలారం మోగేసరికి ఆలస్యమవుతుంది. దుకాణంలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. టెంపరేచర్ స్విచ్‌కు ఇంకో బలహీనత ఉంది. అది నీటిలో మునిగి ఉన్నంతసేపే నీటి వేడిని చెప్పగలదు. హోసు పగిలి మంచినీరంతా కారిపోతే స్విచ్ చుట్టూ గాలి, ఆవిరి మిగులుతాయి. ఇంజిను లోపల మాడిపోతున్నా స్విచ్‌కు ఆ వేడి వెంటనే తగలదు. అందుకని హెడర్ ట్యాంకులో (ఇంజిను మంచినీరు నింపే తొట్టిలో) నీటి మట్టం చూసే చిన్న సెన్సారును పెట్టించి, ప్యానెలులో ఖాళీగా ఉన్న ఆరో లైటుకు కలిపించాము. ఇది సెట్టులోనే ఉండవలసిన వస్తువు.

అన్నిటిలోకీ డబ్బుకు తగిన ఫలితం ఇచ్చింది ఫ్లో స్విచ్. సముద్రపు నీటి పంపు తరువాత, హీట్ ఎక్స్ఛేంజరుకు ముందు పైపులో దీన్ని పెట్టారు. లోపల చిన్న రెక్క నీటి తోపుకు వంగి ఉంటుంది, నీరు ఆగితే వెనక్కి వచ్చి కాంటాక్టు కలుపుతుంది. మా సరంగుకు మొదట దీని మీద గురి కుదరలేదు. బోటు పక్కనున్న గొట్టం నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయా లేదా అని తొంగి చూడటం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. "నీళ్లు తగ్గితే ఆ గొట్టమే చెబుద్ది కదా బాబూ, దీనికో లైటెందుకు" అన్నాడు. ఆగస్టులో ఒక తెల్లవారుజామున హోప్ ఐలాండ్ దాటి లోపలికి వస్తుండగా ఫ్లో లైటు వెలిగి బజరు మోగింది. టెంపరేచర్ ముల్లు అప్పటికి 78 మీద కదలకుండా ఉంది. చీకట్లో గొట్టం ధార కనబడదు. రేసు తగ్గించి, ఇంజిను ఆపి, సముద్రపు నీటి ఫిల్టరు విప్పితే అందులో పాలిథిన్ ముక్కలున్నాయి. అడుగున నీరు పీల్చే రంధ్రానికి అంటుకున్న మిగతా సంచి, ఇంజిను ఆగి పీలుపు పోగానే ఊడిపోయినట్టుంది. పావుగంటలో మళ్లీ బయలుదేరారు. అదే టెంపరేచర్ అలారం మాత్రమే ఉండి ఉంటే, నీరు లేకుండా పొడిగా తిరిగిన రబ్బరు ఇంపెల్లరు అది మోగేలోపే కాలిపోయేది. ఆ రోజు నుంచి సరంగు ఆ లైటును తుడిచి మరీ పెట్టుకుంటున్నాడు.

ఈ స్విచ్‌ను పరీక్షించడానికి, ఇంజిను నడుస్తుండగా సముద్రపు నీరు లోపలికి వచ్చే అడుగు వాల్వు మూసి చూపిస్తానని ఎలక్ట్రీషియను ముందుకొచ్చాడు. మేము ఒప్పుకోలేదు. ఇంజిను ఆగి ఉన్నప్పుడు ప్రవాహం ఎలాగూ ఉండదు, లైటు వెలిగి తీరాలి. స్టార్టు చేశాక ఆరిపోవాలి. పరీక్షకు అది చాలు, ఇంపెల్లరును బలి ఇవ్వనక్కరలేదు. మా నీటిలో బురద, నాచు ఎక్కువ కనుక నెలకొకసారి రెక్కను విప్పి కడగకపోతే అది వంగిన చోటే ఇరుక్కుపోతుంది. రెండో నెలలో మాకు ఒకసారి అలాగే జరిగింది, తాళం తిప్పినప్పుడు లైటు రాకపోవడంతో తెలిసింది.

ఇక ఛార్జింగ్ లైటు. దీని మీద పోయినంత సమయం మిగతా వాటన్నిటి మీదా పోలేదు. మేము డైనమో అని పిలిచే ఆల్టర్నేటరుకు, ఆ లైటు గుండా వచ్చే కొద్దిపాటి కరెంటే మొదటి ఊపిరి. ఆ కరెంటుతో లోపలి చుట్ట అయస్కాంతమైతేనే అది ఛార్జింగు మొదలుపెడుతుంది. పాత ప్యానెలులో 24 వోల్టుల 3 వాట్ల బల్బు ఉండేది, అంటే సుమారు 125 మిల్లీ యాంపియర్లు. కొత్త ఎల్ఈడీ అందులో పదో వంతు కూడా తీసుకోదు. ఫలితంగా ఇంజిను స్టార్టయ్యాక ఛార్జింగు లేదు, లైటు ఆరలేదు, రేసు బాగా పెంచితే తప్ప డైనమో మేలుకోలేదు. దుకాణంవారు డైనమో పోయిందని, విప్పి చుట్టించాలని చెప్పారు. మాకు అనుమానం వచ్చి పాత బల్బును రెండు తీగలతో తాత్కాలికంగా కలిపి చూస్తే, ఐడిలింగులోనే ఛార్జింగు వచ్చింది. చివరకు ఎల్ఈడీకి పక్కగా 180 ఓముల రెసిస్టరు వేయించాము. తాళం తిప్పి ఇంజిను నడవనప్పుడు దాని మీద 3 వాట్లకు పైగా వేడి పుడుతుంది కాబట్టి 10 వాట్ల తీగచుట్ట రకం తీసుకుని, చెక్కకు తగలకుండా రేకు మీద బిగించాలి. కొన్ని రూపాయల వస్తువు అది. దాని కోసం బాగున్న డైనమోను విప్పబోయారు. ఎల్ఈడీ ప్యానెలు అమ్మే దుకాణానికి ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలియకపోవడం ఈ సమీక్షలో నేను వేసే అతిపెద్ద తప్పు మార్కు.

బిగింపు అంతా పూర్తయ్యాక బయటపడిన లోపం మాత్రం దుకాణానిది కాదు, మా అలవాటుది. పాత డీజిలు ఇంజినును ఆపేది తాళం కాదు, డీజిలును కట్టేసే స్టాప్ హ్యాండిలు. తాళం తీసేసినా ఇంజిను నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ మిగులుతుందన్న నమ్మకంతో మా ఇంజిను డ్రైవరు స్టార్టు కాగానే తాళం వెనక్కి తిప్పేసేవాడు. అప్పుడు ప్యానెలుకు కరెంటే ఉండదు, లైట్లన్నీ ఆరి ఉంటాయి, చూసేవారికి అంతా క్షేమంగా ఉన్నట్టే కనబడుతుంది. చెప్పి మాన్పించడం కష్టమని, ప్యానెలు కరెంటును తాళం నుంచి తప్పించి, 5 యాంపియర్ల ఫ్యూజుతో నేరుగా తీసి, స్టాప్ హ్యాండిలు దగ్గర పెట్టిన లిమిట్ స్విచ్ గుండా పంపించాము. హ్యాండిలు లోపలికి నెట్టి ఉంటే, అంటే ఇంజిను నడవగల స్థితిలో ఉంటే, ప్యానెలు బతికే ఉంటుంది. బయటికి లాగితే ఆరిపోతుంది. లంగరు వేసుకున్న రాత్రి దీపాలకు దీనితో సంబంధం ఉండదు. ఎలక్ట్రీషియను ఈ పనిని మెచ్చుకుని, చక్కగా చేశాడు. అతని చేతిలో పనితనం లేకపోలేదు, ముందుగా అడిగి తెలుసుకునే ఓపిక లేదంతే.

ప్యానెలు తయారీలో నాకు కనిపించిన నిజమైన లోపం మ్యూట్ బటను. ఒకసారి నొక్కితే బజరు మళ్లీ మనమే తెరిచే దాకా నోరు మూసుకుంటుంది. ఒక తప్పుకు నొక్కి మరిచిపోతే, తరువాత వచ్చే వేరే తప్పుకు కూడా మోగదు. బోటులో అది ఎంత కాలం నొక్కి ఉంటుందో చెప్పనక్కరలేదు. తొలి ట్రిప్పు నుంచి రాగానే చూస్తే నొక్కే ఉంది. దాన్ని తీయించి, నొక్కిన నిమిషం తరువాత తిరిగి మోగే టైమరు రకం పెట్టించాము. బజరు శబ్దం కూడా సరంగు గదిలో ఉన్నవారికి తప్ప వినబడదు. వల తీసేటప్పుడు మనుషులుండేది వెనుక డెక్కు మీద కాబట్టి, అక్కడ వించికి ఎదురుగా 24 వోల్టుల హారను ఒకటి రిలే పెట్టి తగిలించాము. పెద్ద మెరిసే లైటు కూడా పెడతామని దుకాణంవారు అన్నారు గాని వద్దన్నాము. బయటికి కనబడే ఎర్ర లైటును ఎదుటి బోటు ఎడమ పక్క దీపంగా పొరబడవచ్చు. మెరిసే పసుపు లైట్లు అంతర్జాతీయ నియమాల ప్రకారం రింగు వల బోట్లు వాడే గుర్తు. హెచ్చరిక లైట్లు సరంగు గది లోపల, లోపలి వైపుకే తిరిగి ఉండాలి. ఆ లైట్లు పగటి ఎండలో సరిగా కనబడవు. పైన రేకుతో చిన్న గొడుగు చేయించుకున్నాము.

ఆయిల్ ప్రెషర్ లైటు సెప్టెంబరులో ఒక గాలివాన రోజున ఉండి ఉండి మెరిసి, బజరు చిన్నగా పలికి ఆగేది. అందరూ దాన్ని సెన్సారు తప్పుగానే అనుకున్నారు, నేను కూడా. రేవుకు వచ్చాక గేజి కర్ర తీసి చూస్తే ఆయిలు కింది గీత దగ్గరకు దిగి ఉంది. బోటు పక్కకు ఒరిగినప్పుడల్లా పీలుడు గొట్టానికి ఆయిలు అందక గాలి అందుతోంది. ఆయిలు నింపాక మళ్లీ రాలేదు. బిల్జి ఫ్లోటు మాత్రం నిజంగానే తప్పుడు మోతలు మోగించింది, ప్రతి ఒరుగుకూ. దానికి పదిహేను సెకన్ల ఆలస్యం పెట్టాక ఊరుకుంది.

వైరింగు విషయంలో మేము పట్టుబట్టి తగరపు పూత ఉన్న రాగి తీగనే వేయించాము. దుకాణంవారు ముందు లారీలకు వాడే మామూలు తీగ తెచ్చారు. ఉప్పు గాలికి అది లోపలే నల్లబడి, పైన తొడుగు బాగున్నట్టే కనబడుతుంది. సీజను చివర విప్పి చూస్తే తీగలన్నీ బాగున్నాయి, ఆయిల్ స్విచ్ దగ్గర ఉన్న ఒక్క టెర్మినలు పచ్చబడింది; దాని మీద వ్యాజలీను రాయడం మరిచారు. తీగల చివర్లకు అంకెల తొడుగులు వేసి, ఏ అంకె దేనిదో ఒక కాగితం మీద రాసి లామినేషను చేసి ఇవ్వడం ఆ దుకాణం చేసిన మంచి పని. సముద్రంలో అర్ధరాత్రి టార్చి లైటు వెలుగులో తీగలు వెతికినవారికి దాని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ప్రతి ట్రిప్పుకు ముందు మా డ్రైవరు చేసే పని ఇది. హ్యాండిలు లోపలికి నెట్టి, తాళం తిప్పి, సెల్ఫు కొట్టకముందే చూస్తే ఆయిల్, ఛార్జింగ్, ఫ్లో లైట్లు మూడూ వెలగాలి, బజరు మోగాలి. ఏదైనా వెలగకపోతే దాని తీగో స్విచ్చో పోయినట్టు. టెంపరేచర్, నీటి మట్టం, బిల్జి లైట్లు మాత్రం ఇలా తమంతట తాము పరీక్షకు రావు, తీగ తెగినా చీకటిగానే ఉంటాయి. ప్యానెలులోని టెస్టు బటను లైటును, బజరును మాత్రమే పరీక్షిస్తుంది, ఇంజిను దాకా వెళ్లే తీగను కాదు. అందుకని వారానికోసారి టెంపరేచర్ స్విచ్ తీగను ఊడదీసి ఇంజిను బాడీకి తాకించి లైటు వెలిగించి చూస్తాడు, ఫ్లోటును చేత్తో ఎత్తుతాడు. హెడర్ ట్యాంకు సెన్సారుకు ఇంకా అంత సులువైన ఉపాయం దొరకలేదు. రాబోయే నిషేధ కాలంలో గేరుబాక్సు ఆయిలుకు కూడా స్విచ్ పెట్టించాలని ఉంది. ప్యానెలులో ఏడో లైటుకు చోటు లేదు, దుకాణంవారు ఎనిమిది లైట్ల ప్యానెలుకు పాతది మార్పిడిలో తీసుకుంటామన్నారు. మ్యూట్ బటను మార్చిన తరువాతే తీసుకుంటానని చెప్పి వచ్చాను.